తెల్లరంగు కొన్నాను

పోయిన ఉగాది దాటిన వారానికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఒక ఫోటో పంపించాడు. దూది పరుపు మీద దూది ముద్ద. కాస్త పరికించి చూస్తే అందులో రెండు నల్లటి కళ్లు, ఒక నల్లటి ముక్కు. "సమోయెడ్ పిల్ల మామయ్యా, తీసుకుందామనుకుంటున్నాం. ఎలా ఉంది?" అని కింద రాశాడు.

చాలా బాగుంది. ఆ మాటే రాయబోయి ఆగాను. దాదాపు ముప్పై ఏళ్ల కిందట నేనూ సరిగ్గా ఇంతే చూశాను. ఇంతకు మించి ఏమీ చూడలేదు. చూడనందుకు బాధపడింది మాత్రం నేను కాదు. ఆ సంగతి వాడికి ఫోన్లో సగం చెప్పాను. మొత్తం ఇక్కడ చెప్తాను.

1996లో నేను విజయవాడలో బ్యాంకు గుమాస్తాని. మొగల్రాజపురంలో కొండ కిందుగా రెండు గదుల వాటా, పైన డాబా. అమ్మాయికి ఆరేళ్లు. మా అమ్మ మాతోనే ఉండేది. అంతకు రెండేళ్ల ముందు 'హమ్ ఆప్ కే హై కౌన్' వచ్చింది. తెలుగులో 'ప్రేమాలయం' పేరుతో ఆడింది. అందులో టఫీ అని ఒక తెల్ల కుక్క ఉంటుంది. చివర్లో ఉత్తరం పట్టుకెళ్లి, విడిపోబోయే ఇద్దర్ని కలిపేది అదే. ఆ సినిమా మీరు చూసి ఉంటే ఆ కుక్కని మర్చిపోయి ఉండరు. మా అమ్మాయి క్యాసెట్టు వెనక్కి తిప్పించుకుని మరీ చూసేది.

అయితే నేరం సినిమాది కాదు, అమ్మాయిదీ కాదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఇంటికి ఓసారి భోజనానికి పిలిస్తే వెళ్లాం. చలువరాతి గచ్చు, గోధుమరంగు సోఫా, దాని మీద పాలనురుగులాంటి కుక్క. అది లేచి రాలేదు, మొరగలేదు. తల మాత్రం తిప్పి చూసింది. మా ఇంట్లో చలువరాయి లేదు, సోఫా లేదు. ఆ రెండూ కొనే స్తోమతు నాకు అప్పట్లో రాదని తెలుసు. కుక్కని మాత్రం కొనగలను. మా ఇంటికి లేనిదేదో ఆ తెలుపుతో పాటు గుమ్మంలోకి వస్తుందనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. "అమ్మాయి ముచ్చట పడుతోంది" అని చెప్పాను.

అమ్మ ఒప్పుకోలేదు. "కుక్కంటే వాకిట్లో ఉండాలి గానీ ఇంట్లోనేమిట్రా? వంటింటి గడప తొక్కితే నేను ఊరుకోను" అంది. మా ఆవిడ ఒకటే అడిగింది: "ఏవండీ, దాని పని ఎవరు చేస్తారు?" నేనే చేస్తానన్నాను. మీరైనా అదే అంటారు. అనేటప్పుడు అబద్ధమని మనకి తెలీదు.

సికింద్రాబాదులో ఒక సందులో పామరేనియన్ పిల్లలు అమ్ముతున్నారని తెలిసి, ఒక శనివారం సెలవు పెట్టి వెళ్లాను. అట్టపెట్టెలో అయిదు పిల్లలున్నాయి. రెండు గోధుమరంగువి, ఒకటి మచ్చలది, రెండు తెల్లవి. గోధుమరంగు పిల్లల్లో ఒకటి పెట్టె అంచు ఎక్కి నా చెయ్యి వాసన చూసింది, వేలు నాకింది. తెల్లవాటిలో చిన్నది మూల ముడుచుకుని వణుకుతోంది. నేను ఆ వణికేదాన్నే తీశాను, అందరికంటే తెల్లగా ఉందని. రెండు వేలు అన్నాడు. నా నెల జీతంలో మూడో వంతు. బేరం ఆడలేదు. నేనడిగిన ప్రశ్న ఒక్కటే: "పెద్దయ్యాక కూడా ఇంతే తెల్లగా ఉంటుందా?" ఉంటుందన్నాడు. నలభై అయిదు రోజుల పిల్ల అని కూడా చెప్పాడు. తల్లి ఎక్కడుందని నేను అడగలేదు. ఆ ఆలోచనే రాలేదు.

సాయంత్రం శాతవాహనలో వెదురుబుట్ట ఒళ్లో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి, టీసీ వచ్చినప్పుడల్లా దగ్గుతూ విజయవాడ చేర్చాను. ఆ రాత్రంతా ఏడ్చింది. మర్నాడూ ఏడ్చింది. మూడో రోజు పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే, నోరు తెరిచి చూసి, "నలభై అయిదు రోజులేమిటండీ, పళ్లు ఇంకా పొడుచుకొస్తున్నాయి. నెల నిండిందో లేదో!" అన్నారు. ఎనిమిది వారాలు నిండేదాకా పిల్ల తల్లి దగ్గరే ఉండాలట. తోటి పిల్లలతో కొట్లాడి, ఎంత కొరికితే ఎంత నొప్పి పుడుతుందో అది నేర్చుకునేది అప్పుడేనట. ఇప్పుడు దానికి చట్టం ఉంది. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అప్పుడు లేదు. ఉన్నా నేను అడిగి ఉండేవాణ్ణి కాదు.

పేరు మల్లి అని పెట్టాం. అందులోనూ రంగే.

ఇక ఆ రంగుని కాపాడటం మొదలైంది. విజయవాడ దుమ్ము సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దున్న కడిగిన గచ్చు మధ్యాహ్నానికి కాలికి గరగరలాడుతుంది. మల్లికి మొదట వారానికోసారి స్నానం, తర్వాత రెండుసార్లు, ఆ తర్వాత రోజు విడిచి రోజు. మేం వాడే షాంపూయే దానికీ. మన చర్మం వేరు, కుక్క చర్మం వేరని, మనం వాడేది దానికి పడదని, నెలకి ఒకటి రెండు స్నానాలు దానికి చాలని నాకు తెలీదు. అది గోక్కుంటుంటే మురికి అనుకుని ఇంకోసారి కడిగేవాణ్ణి. ఒకరోజు నా తెల్ల చొక్కా బకెట్లో కలిపిన నీలిమందు మిగిలితే, రెండు చుక్కలు దాని స్నానం నీళ్లలో కూడా వేశాను. బాగా మెరిసింది. వీధిలో ఒకాయన ఆగి "ఏం పెడుతున్నారండీ దీనికి, ఇంత తెల్లగా ఉంది" అని అడిగాడు. ఆ రోజు అన్నం సహించలేదు నాకు, అంత సంతోషం. అప్పటినుంచి ప్రతి స్నానానికీ నీలిమందు వేశాను. వేసవి దాకా వేశాను.

మల్లికి ఇష్టమైనవి రెండే. ఒకటి, ఎదురింటి కొత్త కట్టడం దగ్గర పోసిన తడి ఇసుక. రెండు, సాయంత్రం నేను చెప్పులేసుకునే చప్పుడు. చెప్పు నేలకి తగలగానే ఏ మూలనుంచైనా వచ్చి గుమ్మంలో నిలబడేది. ఇసుక కుప్ప కనబడితే గొలుసు లాక్కుని వెళ్లి వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ పైకెత్తి దొర్లేది. అలా దొర్లి వచ్చిన ప్రతిసారీ నేను పేపరు చుట్టి దాన్ని కొట్టాను. దెబ్బ పెద్దది కాదు. కానీ అది ఒంగిపోయి, పొట్ట నేలకి ఆనించి, నా పాదాల దాకా పాక్కుంటూ వచ్చేది. ఈ వాక్యం రాయడానికి నాకిప్పటికీ చెయ్యి రాదు. రాయకపోతే మాత్రం మిగిలినదంతా రాసి లాభం లేదు.

ఏడాది తిరిగేసరికి అది ఏడు కిలోలు తూగింది. పామరేనియన్ అంటే చంకలో పెట్టుకునేంత ఉంటుందని విన్నాను. డాక్టరుగారిని అడిగాను. ఆయన మెల్లిగా చెప్పారు, "ఇది పామరేనియన్ కాదండీ. ఇండియన్ స్పిట్జ్. మన దగ్గర అందరూ పామరేనియన్ అనే అంటారు, అలాగే అమ్ముతారు." అసలు పామరేనియన్ మూడు, మూడున్నర కిలోలు దాటదు. మూతి పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. బాల్టిక్ సముద్రం ఒడ్డున, ఇప్పటి జర్మనీ, పోలండ్ దేశాల్లో ఉన్న పామరేనియా దాని పేరులోని ప్రాంతం. అక్కడ కూడా మొదట్లో పెద్దగానే ఉండేవి. విక్టోరియా రాణి 1888లో ఇటలీ వెళ్లినప్పుడు మార్కో అనే చిన్నపాటి పామరేనియన్‌ని తెచ్చుకుని పెంచాక, చిన్నవాటికి మోజు పెరిగి, తరం తరానికీ ఇంకా చిన్నవి చేస్తూ పోయారు. మన స్పిట్జ్ దారి వేరు. బ్రిటిష్ కాలంలో ఇక్కడికి వచ్చిన స్పిట్జ్ జాతి కుక్కల సంతానం, ఇక్కడి ఎండలకీ ఇక్కడి తిండికీ అలవాటుపడుతూ వచ్చింది.

ఆ రోజు నేను మోసపోయానని కుమిలిపోయాను. రెండు వేలూ దండగైనట్టు, పెద్దాయన ఇంట్లో ఉన్నదానికి తక్కువది నాకు అంటగట్టినట్టు అనిపించింది. (పెద్దాయన ఇంట్లో ఉన్నదీ స్పిట్జేనని తర్వాత తెలిసింది.) నాకు అమ్మినవాడు అబద్ధం చెప్పకుండా నిజంగానే ఆ మూడు కిలోల ప్రాణిని నా చేతిలో పెట్టి ఉంటే, నేను చేసిన పనులకి అది రెండో వేసవి చూసేది కాదు. ఈ మాట అర్థం కావడానికి నాకు ఏళ్లు పట్టింది.

ఆ రెండో వేసవి, 1998, రోహిణి కార్తె.

మొగల్రాజపురం కొండ రాళ్లు పగలంతా ఎండని తాగి రాత్రి పదింటిదాకా వదులుతూ ఉంటాయి. గోడ మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. కరెంటు పోతే మనుషులం డాబా ఎక్కేవాళ్లం, డాబా కూడా కాలుతుంటే నీళ్లు చల్లుకునేవాళ్లం. మల్లి నాలుక బయట పెట్టి గంటల తరబడి రొప్పుతుంటే చూడలేకపోయాను. ఒంటి నిండా అంత జుట్టు! ఎండాకాలం మనం పిల్లలకి గుండు చేయించమా? తిరపతి వెళ్లి వస్తే తల ఎంత చల్లగా ఉంటుంది! ఆలోచన సరిగ్గానే తోచింది. ఎవర్నీ అడగలేదు. ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, దర్జీ దగ్గర అరువు తెచ్చిన పెద్ద కత్తెర, నా గడ్డం మిషనూ పట్టుకుని స్నానాలగదిలో కూర్చున్నాను. రెండున్నర గంటలు పట్టింది. అది కదల్లేదు. మధ్యమధ్య నా మణికట్టు నాకింది.

లేచి చూస్తే నేల మీద ఒక కుక్కంత జుట్టు ఉంది. పక్కన వేరే ప్రాణి నిలబడి ఉంది. పలచటి గులాబిరంగు చర్మం, లెక్కపెట్టగలిగేటట్టు పక్కటెముకలు, తాడులాంటి తోక. ఇందులో సగం దూదే అని నాకు అంతవరకూ తెలీదు. నా రెండు అరచేతుల మధ్య పట్టేంత నడుం. మా అమ్మాయి నిద్ర లేచి వచ్చి చూసి, "ఇది మన మల్లి కాదు" అని ఏడ్చి తలుపు చాటుకి వెళ్లిపోయింది.

తనకేదో జరిగిందన్న సంగతి మల్లికి తెలీదు. ఎప్పట్లాగే తోక ఊపింది.

ఇప్పుడు చెప్పబోయేది కత్తిరించడం కంటే పెద్ద తప్పు. సాయంత్రం ఆరైంది. చెప్పులు వేసుకున్నాను. అది వచ్చి గుమ్మంలో నిలబడింది. దాన్ని చూశాను. దీన్ని వీధిలోకి ఎలా తీసుకెళ్లను? "ఏం పెడుతున్నారండీ" అని అడిగినాయన ఎదురైతే? చెప్పులు విప్పి, గోడవతల పెట్టుకుని, అక్కడినుంచి వేసుకుని ఒక్కణ్ణే వెళ్లాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడు చప్పుడు కాకుండా వెళ్లినా అది ఆరింటికి గుమ్మంలోనే ఉంది. దాని మీదుగా దాటి వెళ్లాను. పదకొండు రోజులు అలా దాటి వెళ్లాను. ఇంట్లో కూడా దానివైపు చూడటం తగ్గించాను. మొదటి రెండు రోజుల్లోనే డాబా ఎండకి వీపు ఎర్రగా కాలి పొక్కులొచ్చాయని మా ఆవిడ చెప్తే కొబ్బరినూనె రాయమన్నాను. నేను రాయలేదు.

వీధి చివర రావిచెట్టు కింద మల్లెపూలమ్మే అవ్వ ఉండేది. మల్లి రోజూ ఆవిడ గంప దగ్గర ఆగి వాసన చూసేది. పన్నెండో రోజు ఆవిడ నన్ను ఆపింది. "బాబూ, తెల్లపిల్ల ఏదయ్యా? ఇన్ని రోజులై కనబడట్లేదు?"

"ఒంట్లో బాగోలేదవ్వా" అన్నాను. అబద్ధమే. నోటికొచ్చింది చెప్పి ముందుకు నడిచాను. ఏలూరు కాలువ గట్టు దాకా వెళ్లి, అరగంట తిరిగి, మూరెడు పూలు కొనుక్కుని ఇంటికొచ్చాను.

గుమ్మంలో మల్లి లేదు. పొద్దున్న వెళ్లేటప్పుడు ఉందా? గుర్తు రాలేదు. నిన్న? గుర్తు రాలేదు. పెరట్లో బావి పళ్లెం పక్కన తడిపిన గోనెసంచి మీద పడుకుని ఉంది. దాని పక్కన అమ్మ, వంటింటి గడప తొక్కనివ్వనన్న మా అమ్మ, చీర కొంగు తడిపి దాని చెవులు తుడుస్తోంది. చూరు నీడ దాని మీద పడేటట్టు పాత చాప ఒకటి కట్టి ఉంది. అది కట్టి ఎన్ని రోజులైందో నాకు తెలీదు.

"మూడు రోజులైంది, ముద్ద ముట్టట్లేదురా" అంది అమ్మ. "నీకు చెప్పాను. ఊఁ అన్నావు."

నేనేమీ అనలేదు. అమ్మ తల ఎత్తకుండానే అంది, "తెల్లగా ఉన్నన్నాళ్లూ నీ కుక్క. ఇప్పుడు నా కుక్క అయిందా?"

చేతిలో మల్లెపూల పొట్లం ఉంది. ఒంట్లో బాగోలేదని అరగంట కిందట నేను చెప్పిన అబద్ధం మూడు రోజులుగా నిజం. వీధిలో పూలమ్ముకునే ఆవిడకి అది కనబడలేదని తెలిసింది. ఇంట్లో ఉన్న నాకు తెలీలేదు. రెండేళ్లుగా నేను దాన్ని కడిగాను, దువ్వాను, పదిమందికి చూపించాను. అంత చేసీ దాన్ని ఒక్కసారి కూడా చూడలేదని ఆ పెరట్లో నిలబడినప్పుడు తెలిసింది. దాని జుట్టుని చూశాను. జుట్టు పోయాక చూడటానికి నాకేమీ మిగల్లేదు.

మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి వేశాను. ఒళ్లు కాలిపోతోంది. చెవి మడత తిప్పితే లోపల మెంతిగింజల్లా పిడుదులు. కాలివేళ్ల సందుల్లో పిడుదులు. అంత దట్టమైన తెల్లటి జుట్టు కింద అవి ఎన్ని నెలలుగా ఉన్నాయో. రోజు విడిచి రోజు స్నానం చేయించినవాడికి ఒక్కటీ కనబడలేదు. ముక్కు చివర సన్నగా నెత్తురు ఎండి ఉంది.

రిక్షాలో వేసుకుని వెళ్లాం. జ్వరం నూట అయిదు. కుక్కకి మామూలుగా ఉండే వేడే నూట ఒకటి, నూట రెండు దాకా ఉంటుంది, దానికి పైన ఇది. నెత్తురు తీసి చూసి, పిడుదుల వల్ల వచ్చే జ్వరమని, నెత్తురు గడ్డకట్టించే కణాలు పడిపోయాయని చెప్పారు డాక్టరుగారు. మందు రాసి, దాని వీపు చూసి, నావైపు తిరిగారు.

"ఎవరు కత్తిరించారు?"

"నేనేనండీ. చల్లగా ఉంటుందని."

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడినా బాగుండేది. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. కుక్కకి మనలాగా ఒంటి నిండా చెమట పట్టదు, పాదాల దగ్గర కాస్త పడుతుందంతే. వేడి పోవాలంటే రొప్పడమే దారి. స్పిట్జ్‌కి రెండు పొరల జుట్టు ఉంటుంది. కింద మెత్తటి ఊలు, పైన పొడుగాటి గట్టి వెంట్రుకలు. ఎండ ముదిరేసరికి ఊలు దానంతటదే రాలిపోతుంది. దాన్ని స్టీలు దువ్వెనతో రోజూ దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది. పై వెంట్రుకలు ఎండని ఒంటికి తగలనివ్వవు. "మీరు చల్లగా ఉంటుందని గొడుగు పీకేశారండీ" అన్నారు.

ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు. ఇడ్లీ ముక్కలో పెట్టి నేనే వేశాను. ఆ ఇరవై ఎనిమిది రోజుల్లో నేను నేర్చుకున్నంత దాని గురించి ముందు రెండేళ్లలో నేర్చుకోలేదు. ఎడమ ముందుకాలి మీద చిన్న మచ్చ ఉంది. పొట్ట కింద చర్మం మీద చెల్లాచెదురుగా బూడిదరంగు చుక్కలున్నాయి. నిద్రలో వెనక కాళ్లు పరిగెడతాయి. బెదిరితే ముందు కుడిచెవి వాలుతుంది, తర్వాత ఎడమది. పిడుదులు కుక్క ఒంటి మీద కంటే గోడ పగుళ్లలో ఎక్కువ ఉంటాయని డాక్టరుగారు చెప్తే, రెండు గదుల పగుళ్లూ సిమెంటుతో పూడ్చాను. నీలిమందు సీసా బయట పారేశాను.

పదో రోజున చెప్పులు గుమ్మం లోపలే వేసుకున్నాను. చప్పుడయ్యేటట్టు. మల్లి లేచి వచ్చింది, నెమ్మదిగా. ఎండ పూర్తిగా పోయాక ఇద్దరం రావిచెట్టు దాకా నడిచాం. అవ్వ దాన్ని చూసి ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు. వీపు మీద వేలితో మెల్లగా రాసి, "ఇంత చిన్నపిల్లా ఇది!" అంది. "ఏం పెడుతున్నారండీ" అని అడిగినాయన ఎదురయ్యాడో లేదో గుర్తులేదు.

జుట్టు మళ్లీ రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఇలాంటి రెండు పొరల జుట్టుని మొదలంటా గీసేస్తే కొన్నిసార్లు తిరిగి సరిగ్గా రాదు. మల్లికి నడుం మీద రెండు చోట్ల పలచగానే ఉండిపోయింది, మిగతాది కాస్త మీగడరంగులో వచ్చింది. ఇసుకలో దొర్లడం మానలేదు. నేను కుప్ప పక్కన నిలబడి దొర్లేదాకా ఆగేవాణ్ణి. ఆరిన ఇసుక దువ్వితే రాలిపోతుంది. అంత చిన్న సంగతి.

తప్పులు అక్కడితో అయిపోయాయని కాదు. చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని డాక్టరుగారు చెప్పినా వాయిదా వేశాను. మొదట్లో తెల్లపిల్లలు పుడతాయన్న ఆశ ఉండేది. తర్వాత ఆ ఆశ పోయినా బద్ధకం మిగిలింది. ఏడో ఏట గర్భసంచిలో చీము పట్టి, అర్ధరాత్రి ఆపరేషన్ చేసి తీయాల్సి వచ్చింది. బతికింది. దువ్వడం మాత్రం ఒక్కరోజు మానలేదు. ఏడాదికి రెండుసార్లు ఊలు రాలే రోజుల్లో దువ్వెనకి వచ్చేది ఒక దిండుకి సరిపోయేది. ఫ్యాను రెక్కల మీద, దోసెల పిండిలో, నా ఆఫీసు ప్యాంటు మీద, ఆవకాయ జాడీ మూత కింద. అమ్మ పూజ చేసుకునే పట్టుబట్ట మీద కూడా. ఆవిడ దులుపుకునేది. దాన్ని గడప దాటమనీ అనలేదు, దాటొద్దనీ అనలేదు. చివరి రోజుల్లో అమ్మ మంచం కిందే దాని పడక. అమ్మ 2006లో పోయింది. మల్లి ఇంకో మూడేళ్లు ఆ మంచం కిందే పడుకుంది. పదమూడేళ్లు బతికింది.

ఇదంతా విని మా మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. వాణ్ణి వద్దనలేదు నేను. వద్దంటే ఎవరు వింటారు? నేను విన్నానా? సమోయెడ్ మంచి కుక్క, మనుషులంటే ప్రాణం పెడుతుంది. సైబీరియాలో నెనెట్స్ అనే రెయిన్‌డీర్ కాపరులు దాన్ని మంచుబళ్లకి కట్టి, మందల వెంట తిప్పి, రాత్రుళ్లు గుడారంలో పక్కన పడుకోబెట్టుకునేవారు. సున్నాకి నలభై డిగ్రీల కింద పుట్టిన జుట్టు అది. పాతిక, ముప్పై కిలోలు పెరుగుతుంది. పని కావాలి, పరుగు కావాలి, పక్కన మనిషి కావాలి. వీడిది గచ్చిబౌలి దగ్గర పదో అంతస్తు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పొద్దున్న తొమ్మిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వస్తారు.

"ఏసీ ఉందిగా మామయ్యా" అన్నాడు.

"ఏసీ ఉంటుందిరా. పదకొండు గంటలు ఒంటరిగా ఏసీలో కూర్చుని అదేం చేస్తుంది?"

మళ్లీ నిశ్శబ్దం. తర్వాత వాడే అడిగాడు, "నువ్వయితే ఏం చేస్తావు?"

ఒక పని చెయ్యమన్నాను. ఆ పిల్ల మొహం చూడొద్దు, ముందు తల్లిని చూపించమను. చూపిస్తే దాన్ని తడిపి చూపించమను. జుట్టంతా ఒంటికి అంటుకుపోయి, లోపలున్న కుక్క ఎంత ఉంటుందో అంత కనబడుతుంది. అప్పుడు పది నిమిషాలు దాని పక్కన కూర్చో. అది నిన్ను వాసన చూస్తుందో, దూరంగా పోతుందో, నీకు దాని మీద చెయ్యి వెయ్యాలనిపిస్తుందో లేదో చూడు. అప్పుడు కూడా కావాలనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి. దువ్వెన ఏది కొనాలో చెప్తాను.

ఆదివారం వెళ్లాడు. సాయంత్రం ఫోన్ వచ్చింది.

"తల్లి ఇక్కడ లేదంటున్నారు, మామయ్యా. ఎక్కడుందంటే చెప్పట్లేదు. ఫోటో ఉందట, పంపిస్తారట."